ఆంటన్ ఫ్లెట్నరు

నడిసముద్రమున పోవుచున్న పెద్ద ఓడను ప్రక్కకు త్రిప్పవలెనన్న నీటిలోని చుక్కానిని కదల్పవలెను. ఓడ పెద్దదగుకొలది చుక్కానియు పెద్దదగును. దానిపై నీరు త్రోయు బలమును పెరుగును. విమానముల తోకలకు తగిలించిన కదలెడి పలకల గతియు నిదియే. కీళ్లకు ఎంత కందెన పూసినను ఎదురువచ్చు గాలిబలము తగ్గదు గదా! ఈ చిక్కును విడదీసినవారిలో నొక బడిపంతులు కలడు. ఆయనయే ఆంటన్ ఫ్లెట్నరు.

ఫ్లెట్నరు 1885వ సంవత్సరము నవంబరు 1వ తేదీన, జర్మనీదేశమున మైన్ నదీతీరమునందలి ఎడర్స్‌హైము గ్రామమున జన్మించెను. ఉపాధ్యాయశిక్షణము పొంది మొదట నొక పల్లెలో పాఠములు చెప్పెను. పిమ్మట ఫ్రాంక్‌ఫర్టు నగరమున గణితమును, భౌతికశాస్త్రమును బోధించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన బడి విడిచి, జెప్పెలిన్ ప్రభువు పక్షమున పనిచేయుచు, యంత్రములను దూరమునుండి నడుపు పద్ధతులపై పరిశోధనలు సాగించెను. చుక్కాని ఉపాయము ఆ కాలముననే రూపొందెను.

తలుపును మడతబందు ప్రక్కన త్రోసి చూడుడు. అది కదలుట కష్టము. వెలుపలి అంచున త్రోసినచో చిటికెనవ్రేలు చాలును. ఫ్లెట్నరు పెద్ద పలకయొక్క వెనుక అంచున నొక చిన్న పలకను వేరొక కీలుతో అమర్చెను. చోదకుడు కదల్పవలసినది ఈ చిన్నపలకను మాత్రమే. అది ఎడమకు వంగినంతనే గాలి దానిని కుడికి త్రోయును. అంచుననున్నది కావున ఆ కొద్దిబలమే పెద్దపలకను కుడికి త్రిప్పివేయును. మనుష్యుని కండబలమునకు బదులు, ఏ గాలి ఎదిరించుచున్నదో ఆ గాలియే పని చేయుచున్నదన్నమాట.

అయితే ఇందొక మెలకువ కలదు. చిన్నపలక ఇచ్చు బలము స్వల్పము. పెద్దపలక కీళ్లలో ఒరపిడి హెచ్చుగా నున్నచో ఆ బలమంతయు అచ్చటనే హరించిపోవును. పోనీ, కీళ్లను వదులుగా నుంచుదమన్నచో చిన్నపలక గాలిలో గడగడ కొట్టుకొని విమానమునకే అపాయము తెచ్చును. కావున కీలు సులభముగా తిరుగవలెను. కాని రవ్వంతయైనను ఊగులాడరాదు. వాహనమునకు కదలెడి రెక్కలు తగిలింపబూనిన వారందరికిని ఇదియే కఠినపరీక్ష.

యుద్ధానంతరము ఆయన హాలెండుదేశపు ఆంస్టర్‌డాం నగరమున గాలినిగూర్చియు నీటినిగూర్చియు శోధించు నొక సంస్థకు అధిపతియయ్యెను. తెరచాప ఓడలమీదికి ఆయన దృష్టి మరలెను. గుడ్డచాపలకు మారుగా లోహపుచాపలు నిలిపి, వానిని చిన్నపలకలతోనే త్రిప్పవలెనని మొదటి ఊహ. గోటింగెన్ నగరమున ప్రాంటల్ పండితుని శాస్త్రశాలలో నమూనాలను పరీక్షించిరి. కాని 1923వ సంవత్సరమున ఆయన తన ఊహను తానే ప్రక్కకు నెట్టెను. కష్టపడి కల్పించినదానిని విడుచుట అందరికి చేతనగు పని కాదు.

గిరగిర తిప్పి విసరిన బంతి గాలిలో ప్రక్కకు వంగుట మీరు ఆటస్థలమున చూచియేయుందురు. ఒక ప్రక్క గాలి వడిగాను, రెండవప్రక్క మెల్లగాను సాగుటచే బంతి ఒకవైపునకు త్రోయబడును. మాగ్నస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1852లో దీనిని పరిశోధించెను. ఓడమీద నిలువుస్తంభమును త్రిప్పినచో అదే బలము ఓడను నడుపును గదా యని ఫ్లెట్నరు తలచెను. అంతే వైశాల్యముగల గుడ్డచాపకంటె ఇట్టి స్తంభము అనేక రెట్లు బలము నిచ్చునని పరీక్షలలో తేలెను.

1924లో కీల్ రేవునందలి కర్మాగారమున బుకావు అను ఓడపై సుమారు 15 మీటర్ల ఎత్తుగల రెండు బోలుస్తంభములను నిలిపిరి. ప్రతిదాని లోపలను కదలని ఇరుసొకటి నిలిచియుండెను. స్తంభము దానిచుట్టు బేరింగులపై తిరుగుచుండెను. ఆ బేరింగులు బరువును మోయుట మాత్రమే కాదు. గాలి త్రోపును, ఓడ ఊగులాటను కూడ భరించుచు తేలికగా తిరుగవలెను. ఒరపిడి పెరిగినచో మోటారు తినివేయు శక్తి గాలి ఇచ్చు లాభమును మ్రింగివేయును.

1925 ఫిబ్రవరిలో బుకావు డాంజిగునుండి ఉత్తరసముద్రము దాటి స్కాట్లండు చేరెను. పూర్వము గాలికి 45 డిగ్రీలకంటె దగ్గరగా పోలేని ఓడ ఇప్పుడు 20, 30 డిగ్రీలవరకు పోగలిగెను. తుపానులో కొయ్యలెక్కి చాపలు దించు ప్రమాదము నావికులకు తప్పెను. ఆ ఓడయే బాడెన్-బాడెన్ అను క్రొత్తపేరుతో అట్లాంటిక్ దాటి 1926 మే 9వ తేదీన న్యూయార్కు చేరెను. మూడుస్తంభముల బార్బరా అను ఓడయు ఆ సంవత్సరముననే బయలుదేరెను. ఇంత జరిగినను ఓడల యజమానులు ముందుకు రాలేదు. చమురు చౌక, స్తంభములు మిగిల్చు ధనము వారి కంటికి ఆనలేదు. బాడెన్-బాడెన్ స్తంభములను ఊడదీసివేసిరి. 1931లో ఆ ఓడ కరీబియను సముద్రపు తుపానులో మునిగిపోయెను.

ఫ్లెట్నరు హెలికాప్టరులవైపు మరలెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆయన నిర్మించిన కొలిబ్రి అను చిన్న హెలికాప్టరు జర్మను నౌకాదళమున చేరెను. ఆయన భార్య యూదు కుటుంబమునకు చెందినది. ఆమెను స్వీడనుకు పంపి కాపాడుకొనవలసివచ్చెను. హిట్లరు సేనకు యంత్రములు చేసిపెట్టిన ఇంటిలోనే హిట్లరు భయము నెలకొనియుండెను! ఆ కొలువును మెచ్చుకొనుట కష్టము. దాచుట అంతకంటె తగనిపని. 1947లో ఆయన అమెరికాకు పోయి, 1961 డిసెంబరు 29వ తేదీన న్యూయార్కున మరణించెను.

చమురు ధర పెరిగి, పొగవలన గాలి చెడుచున్నదని లోకమునకు తెలిసినపిదప ఆ స్తంభములు మరల సముద్రమున కానవచ్చెను. 2010లో జర్మనీకి చెందిన ఈ-షిప్ 1 అను ఓడ 27 మీటర్ల ఎత్తుగల నాలుగు స్తంభములతో తొలిప్రయాణము చేసెను. 2018లో ఒక పెద్ద చమురు ఓడపై 30 మీటర్ల స్తంభములు రెండు వెలసెను. నావికులు వానిని ఫ్లెట్నరు పేరుతోనే పిలుచుచున్నారు.