మామిడిని పుస్తకానికెక్కించిన లినేయస్

మన ఇంట్లో మామిడికాయ. గడప దాటితే తమిళనాట మాంగాయ్, కర్ణాటకలో మావినకాయి, ఒడిశాలో ఆంబ, మహారాష్ట్రలో ఆంబా. వృక్షశాస్త్రం పాఠంలో మాత్రం ఎక్కడైనా ఒకటే పేరు: మాంజిఫెరా ఇండికా. 1753లో దాన్ని తన పుస్తకంలో స్థిరపరచినవారు స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్.

ఆయన 1707లో రాషుల్ట్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి నిల్స్ చర్చి పూజారి, మొక్కలంటే ప్రాణం. వాళ్లకు ఇంటిపేరనేది ఉండేది కాదు. విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు నిల్స్ తమ ఊరి లిండెన్ చెట్టు పేరుకు లాటిన్ తోక తగిలించి లినేయస్ అని పెట్టుకున్నారు.

కొడుకునూ పూజారిని చేయాలని తండ్రి ఆశ. కుర్రాడికి ఆ చదువు అంటలేదు. వీణ్ని ఏదైనా చేతిపనిలో పెట్టండని వెక్షో బడి ఉపాధ్యాయులు చెప్పేశారు. అదే బడిలో పాఠాలు చెప్పే వైద్యుడు యోహాన్ రోత్‌మన్ మాత్రం ఒప్పుకోలేదు. పిల్లవాడిని తన ఇంట ఉంచుకుని, వైద్యం వైపు, దాంతోపాటే మొక్కల వైపు నడిపించారు. అలాంటి ఒక్క మాస్టారు దొరకడమే అదృష్టమని మనకు తెలియనిది కాదు.

1735లో హాలండ్ వెళ్లిన లినేయస్‌కు డచ్చి భాష రాదు. లాటిన్‌తోనే మూడేళ్లు నెట్టుకొచ్చారు, పుస్తకాలూ అచ్చువేశారు. అప్పటికి లాటిన్ ఎవరింట్లోనూ తల్లిభాష కాదు. పండితులందరూ బడిలో నేర్చుకున్నదే.

అంతకుముందు మొక్క పేరంటే ఒక పెద్ద వాక్యం. ఆయన దాన్ని రెండు మాటలకు కుదించారు: ముందు ప్రజాతి, తర్వాత జాతి. మనం ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత రాసుకున్నట్టే. ప్రజాతి పేరుకు గ్రీకు లేదా లాటిన్ మూలం ఉండి తీరాలని కూడా గట్టిగా శాసించారు.

మరి మాంజిఫెరా? చివరి సగం లాటిన్, కాసేది అని అర్థం. మొదటి సగం మాంగా. తమిళ, మలయాళాల మాటే పోర్చుగీసు వర్తకుల నోట యూరప్ చేరింది. మాంగాలు కాసే చెట్టన్నమాట. ఇండికా అంటే భారతదేశానిది. ఆయన మన దేశం ఎన్నడూ రాలేదు. కేరళ మొక్కలకు మలయాళ, అరబిక్, నాగరి లిపుల్లో కూడా పేర్లు అచ్చువేసిన హోర్టస్ మలబారికస్ లాంటి గ్రంథాలే ఆధారం. ఎంత శాసనం చేసినా, దక్షిణాది మాట ఒకటి లాటిన్ వేషంలో లోపలికి వచ్చి కూర్చుంది!

లినేయస్ 1778 జనవరిలో ఉప్సలాలో కన్నుమూశారు. తమకు ఇంటిపేరిచ్చిన లిండెన్ చెట్టుకు ఆయన పుస్తకంలో ఉన్న ప్రజాతి పేరు టిలియా. రోమన్లు ఆ చెట్టును పిలుచుకున్న పాత పేరే అది.