డైక్‌స్ట్రా గారి భయం

ముందే చెప్తున్నా, నాది ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఏమీ అనుకోకండి.

డైక్‌స్ట్రా అనగానే మనకు గుర్తొచ్చేది పరీక్షలో షార్టెస్ట్ పాత్ ప్రశ్న. నాకూ అంతే, మొన్నటి మినీ ప్రాజెక్ట్ దాకా.

మేం ముగ్గురం హాస్టల్ మెస్‌కి టోకెన్లిచ్చే అప్లికేషన్ చేశాం. పైథాన్, టికింటర్. స్క్రీన్ మీద బటన్ నొక్కినా, రెండో కౌంటర్ నుంచి నెట్‌వర్క్‌లో రిక్వెస్ట్ వచ్చినా నంబర్ పెరిగి స్లిప్ రావాలి. రివ్యూ రోజు ఒకే నంబర్‌తో రెండు స్లిప్పులొచ్చాయి. మళ్లీ చేసి చూస్తే రాలేదు. ప్రింటర్ కోడ్ నా ఫ్రెండ్ రాశాడు. తప్పు వాడిదేనని అందరి ముందూ అనేశా. వాడు తల దించుకున్నాడు. ఆ రాత్రి కారణం వెతుకుతూ డైక్‌స్ట్రా దగ్గర తేలాను.

ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. నాన్న కెమిస్ట్రీ టీచర్, అమ్మకి లెక్కలంటే ప్రాణం. చదివింది ఫిజిక్స్. 1951లో కేంబ్రిడ్జ్‌లో ఒక ప్రోగ్రామింగ్ కోర్సుకి వెళ్లి, మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. 1957లో పెళ్లి రిజిస్టర్‌లో వృత్తి ప్రోగ్రామర్ అని రాయబోతే అక్కడివాళ్లు ఒప్పుకోలేదు, అలాంటి ఉద్యోగమే లేదన్నారు. చివరికి థియరెటికల్ ఫిజిసిస్ట్ అని రాయించారు. మన బ్రాంచ్‌లో సీటు కోసం ఇప్పుడు ఎంత పోటీ ఉందో తలుచుకుంటే నవ్వొస్తుంది.

షార్టెస్ట్ పాత్ ఆయనకి 1956లో, కాబోయే భార్యతో షాపింగ్ చేసి కాఫీ తాగుతున్నప్పుడు తట్టింది. కాగితం, పెన్ను ఏమీ లేకుండా ఇరవై నిమిషాల్లో. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు, ఆయన భయం.

అప్పట్లో కంప్యూటర్ టైప్‌రైటర్‌కి ఒక అక్షరం పంపి, అయిందా, అయిందా అని అడుగుతూ కూర్చునేది. మెస్‌లో దోశ కోసం పెనం దగ్గరే నిలబడినట్టు. ఎక్స్1 అనే కొత్త మెషీన్‌కి లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే హార్డ్‌వేర్ ఇంజనీర్లు వేరే పద్ధతి చెప్పారు. కంప్యూటర్ తన పని తాను చేసుకుంటుంది, పరికరం పని అయ్యాక గంట కొడుతుంది. అదే ఇంటరప్ట్. మన బటన్ క్లిక్, కీ ప్రెస్, ప్రతి ఈవెంట్ హ్యాండ్లర్‌కీ తాత లాంటిది.

డైక్‌స్ట్రా సంతోషించలేదు, భయపడ్డారు. గంట ఏ క్షణంలో మోగుతుందో ఎవరికి తెలుసు? ప్రోగ్రామ్ ఒక పని మధ్యలో ఉండగా మోగితే? అప్పుడొచ్చే తప్పు మళ్లీ అలాగే రాదు. రాని తప్పుని ఎలా పట్టుకోవాలి? అందుకే కొన్ని నెలలు ఒప్పుకోకుండా ఆపారు. చివరికి ఒప్పుకుని, గంట ఎప్పుడు మోగినా చెడిపోని ప్రోగ్రామ్ రాశారు. 1959లో ఆయన డాక్టరేట్ థీసిస్ దాని మీదే.

ఇది చదివి లేచి కూర్చున్నా. మా కోడ్‌లో నంబర్ చదివి, స్లిప్ తయారుచేసి, ఆ తర్వాతే నంబర్ పెంచుతున్నాం. ఆ మధ్యలో రెండో కౌంటర్ థ్రెడ్ వచ్చి అదే నంబర్ చదివితే? ఆ గ్లోబల్ వేరియబుల్ రాసింది నేను. ప్రింటర్ పాపం, ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టింది.

1960లలో దీనికి డైక్‌స్ట్రా చెప్పిన మందు సెమాఫోర్. పేరు రైల్వే సిగ్నల్ నుంచి వచ్చింది. మన తిరుపతి వాళ్లకి సులువుగా చెప్పాలంటే, తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్. గేటు తెరిచేదాకా అందరూ కంపార్ట్‌మెంట్‌లో కూర్చోవాల్సిందే, ముందుకెళ్లడానికి ఎవరి వంతు వాళ్లకే. ఐంథోవెన్‌లో చిన్న బృందంతో ఆయన కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్‌ని పొరలు పొరలుగా కట్టారు. పై పొర కింది పొరని నమ్ముతుంది, కింది పొరకి పైదాని గొడవ పట్టదు.

నేనూ అలాగే మొత్తం విడదీశా. విడ్జెట్ కోడ్ చూపించడం మాత్రమే చేస్తుంది. క్లిక్ గానీ నెట్‌వర్క్ రిక్వెస్ట్ గానీ, అన్నీ ఒకే క్యూలోకి వెళ్తాయి. మెయిన్ లూప్ ఒక్కటే ఒక్కొక్కటి తీసి నంబర్ ఇస్తుంది. నంబర్‌ని వేరే ఎవరూ ముట్టుకోరు. దీన్ని రీఫాక్టరింగ్ అంటారని సీనియర్ అన్న చెప్పాడు. నిజానికి డైక్‌స్ట్రా చూస్తే తిట్టేవారేమో. టెస్ట్ చేసి తప్పు లేదనుకోవడం ఆయనకి నచ్చదు. టెస్టింగ్‌లో తప్పు ఉందని తెలుస్తుంది గానీ లేదని తెలియదు అనేది ఆయన పట్టు. ముందే ఆలోచించి, రుజువుతో రాయమనేవారు.

1968లో గోటూ మీద రాసిన లేఖ పెద్ద గొడవ అయింది. 1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సరిగ్గా 22 ఏళ్ల తర్వాత అదే అవార్డు మన శ్రీకాళహస్తి పక్కన కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి వచ్చింది. 1984 నుంచి డైక్‌స్ట్రా అమెరికాలో ఆస్టిన్‌లో పాఠాలు చెప్పారు. ఫౌంటెన్ పెన్‌తో చేత్తో రాసి, నంబర్లు వేసి, కాపీలు పంచిన ఆయన రాతలు 1300 పైనే. 2002 ఆగస్టు 6న నెదర్లాండ్స్‌లోని న్యూనెన్‌లో చనిపోయారు. అప్పటికి మనలో చాలామంది పుట్టలేదు.

మళ్లీ రివ్యూకి ముందు రోజు బస్టాండ్ దగ్గర టీ తాగుతూ ఫ్రెండ్‌కి సారీ చెప్పా. వాడు ఏం పర్లేదురా అన్నాడు. కానీ తప్పు వాడిదన్నది అందరి ముందు కదా. అందుకే రివ్యూలో మొదటి స్లైడ్‌లోనే పెట్టా, బగ్ నాదని. పేరుతో సహా.