కల్నల్ మెకంజీ - మన పల్లెల చరిత్ర

ఐరోపాలో వెనుకటి శతాబ్దములలో ముద్రించిన ప్రాచీన ప్రపంచపటములందు మన దక్షిణాపథము కానవచ్చును. క్రీ.శ. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నివసించిన టాలెమీ పండితుడు నావికుల, వర్తకుల మాటలనుబట్టి రచించిన గ్రంథమే వానికి మూలము. అందు మైసోలియా యను పేర కృష్ణాతీరము గలదు. కడప, కర్నూలు సీమల పల్లెల ఊసు లేదు. ఆ కొరతను తీర్ప పూనిన మహనీయుడు కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లాండునకు చేరిన లూయిస్ ద్వీపమున జన్మించెను. మొదట సుంకపు కొలువు చేసి, 1783లో కుంపిణీ సేనలో చేరి మద్రాసు వచ్చెను, పిదప ఇంజనీరయ్యెను. 1794లో నల్లమల అడవులలోని శ్రీశైలమును దర్శించి, ఆలయప్రాకారముపై చెక్కిన శిల్పములను గూర్చి వ్రాసికొనెను. శ్రీరంగపట్టణము పడిన పిమ్మట మైసూరు దేశమును కొలిపించి, 1810లో మద్రాసు రాజధానికి సర్వేయరు జనరల్ అయ్యెను.

1800లో నిజాము కుంపిణీకి విడిచిన దత్తమండలములందును ఆయన పర్యవేక్షణలో సర్వే జరిగెను. దొరతనమువారికి వలసినది శిస్తు లెక్క. మెకంజీకి అది చాలలేదు. ఊరికి ఆ పేరెట్లు వచ్చెను, చెరువు నెవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, రాయల పిదప ఎవరేలిరి అని ఆయన మనుష్యులు ఊరూర విచారించిరి. కరణములు తమ కవిలెలు చూచి చెప్పినవే కైఫియత్తులు. సిద్ధవటము నేలిన మట్లి రాజుల ముచ్చటలును ఇట్లే నిలిచినవి.

మెకంజీకి దేశభాషలు రావు. ఆయనకు కన్నును నోరును అయినవారు ఏలూరివారగు కావలి సోదరులు. పెద్దవాడగు వెంకట బొర్రయ్య శాసనములు చదువుటలో దిట్ట; 1803లో చిన్నవయసుననే గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను.

మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరల్‌గా నియుక్తుడై, 1821 మే 8న కలకత్తా చెంత కన్నుమూసెను. ఆయన సొంత సొమ్ముతో కూర్చిన ప్రతులను కుంపిణీవారు లక్షరూపాయలకు కొనిరి. అయితే ఆ కృషిని తాను సాగింతునని లక్ష్మయ్య కోరగా, దేశీయుని కంతటి సమర్థత యుండదని కలకత్తా పండితసభవారు త్రోసిపుచ్చిరి. మరియొక సోదరుడు రామస్వామి మాత్రము ప్రాచీన దక్కను పటమొకటి సిద్ధపరచి, దానికి వివరణగా 1828లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. తాము నడచిన నేల పూర్వరూపమును మనవారే గీసిన పటమది.

శిథిలమగుచున్న కైఫియత్తులకు బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. కడపలో ఆయన పేర వెలసిన కేంద్రమువారు ఆ జిల్లా కైఫియత్తులను అచ్చువేయించిరి. నాడు కరణము నోట పలుకు వెలువడకున్నచో, వ్రాయసకాని కలము కదలకున్నచో మన పూర్వులు మనకు అపరిచితులై యుందురు. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమందు మన యూరి కైఫియత్తు ప్రతియొకటి నిలుచుగాక. దాని వెనుక మిగిలిన తెల్లకాగితములను పూరించుట మన పనియే.