మన అన్నంలో ఉన్న మహనీయుడు – యల్లాప్రగడ సుబ్బారావు

ఆ మధ్య మన ఆత్మకూరు హాస్టల్‌కు కొత్త రకం బియ్యం వచ్చినప్పుడు మేమంతా భయపడ్డాం. కడిగేటప్పుడు కొన్ని గింజలు నీళ్లపై తేలాయి. ప్లాస్టిక్ బియ్యమని ఎవరో అంటే నమ్మి, వాటిని ఏరి పారేశాం. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి చేసిన గింజలవి అనీ, వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారనీ తర్వాత సైన్సు మాస్టారు చెప్పారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే అని తెలిసి సిగ్గుపడ్డాం. అందుకే ఆయన జీవితాన్ని ఈ సంచికలో మీకు పరిచయం చేస్తున్నాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. పదమూడో ఏట కాశీలో అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి వెళితే తల్లి వెనక్కి రప్పించి చదువులో పెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులిద్దరినీ బలి తీసుకుంది. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆ దుఃఖాన్ని ఆయన మరువలేదు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా చేరి హార్వర్డ్‌లో చదివారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టారు. మనం జీవశాస్త్రంలో చదివే ఏటీపీని 1929లో వెల్లడించిన వారిలోనూ ఆయన ఒకరు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు మందు దొరికింది. మనం వారానికొకసారి మింగే నీలం మాత్రలోనూ ఆ విటమిన్ ఉంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ 1947లో అక్కడి నుంచే వచ్చింది. 1948లో ఆయన పరిశోధనాధిపతిగా ఉండగానే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. ఆ ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

ఆయన పోయిన తర్వాత అదే ప్రయోగశాలలో మరో సంగతి బయటపడింది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే త్వరగా బరువు పెరిగాయి. దాంతో జబ్బు లేని కోళ్లకు, పందులకు, దూడలకు కూడా మేతలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా పాకింది. కొద్దికొద్దిగా మందు తగిలేసరికి క్రిములు మొండికెత్తాయి. అవి మనుషులకు సోకితే మందులు పనిచేయవు. అందుకే బరువు కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని ఐరోపా దేశాలు 2006లో మానిపించాయి. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును మేతలో వాడకుండా నిషేధించింది.

మిత్రులారా! ఒకే ప్రయోగశాల నుంచి వచ్చిన రెండు పదార్థాలివి. ఒకటి అన్నంలో లేని పోషకాన్ని పూరిస్తుంది. రెండోది జబ్బు చేసినప్పుడు ప్రాణం కాపాడుతుంది కానీ, జబ్బు లేనిచోట వాడితే తన శక్తిని తానే పోగొట్టుకుంటుంది. మనలో చాలామందికి ఇంటి దగ్గర గొర్రెలు, బర్రెలు, కోళ్లు ఉన్నాయి. పశువైద్యుణ్ణి అడగకుండా మేతలో మందులు కలపవద్దని సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పెద్దలకు చెబుదాం. ఏదైనా కలిపారంటే గుడ్డిగా నమ్మవద్దు, మేం చేసినట్టు గుడ్డిగా పారేయనూ వద్దు. ఏం కలిపారు, ఎందుకు, ఎంత అని అడుగుదాం. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన ఆ మహనీయునికి పేద విద్యార్థులమైన మనం అర్పించగల నివాళి అదే.