చండీగఢ్ సెక్టార్ 5, ఇంటి నంబర్ 57: కార్బూజియర్ నీడలో ఉండిపోయిన పియర్ జానరే

చండీగఢ్ అనగానే గుర్తొచ్చే పేరు లీ కార్బూజియర్. కానీ ఒప్పందం ప్రకారం ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చి, ఒక్కో నెల ఉండి వెళ్లేవారు. మిగతా రోజుల్లో ఎండలో, దుమ్ములో నిలబడి పనులు చేయించింది ఆయనకు వరసకు తమ్ముడైన పియర్ జానరే. 1954 నుంచి 1965 వరకు జానరే ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 2017 మార్చి 22న, ఆయన జయంతి రోజున దాన్ని ప్రారంభించారు.

జానరే 1896లో జెనీవాలో పుట్టారు. 1922లో పారిస్‌లో అన్నతో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. ఆధునిక వాస్తుశిల్పంలో మైలురాయిగా చెప్పే విల్లా సవోయ్ ఇద్దరూ కలిసి చేసిందే. 1940లో వారి దారులు వేరయ్యాయి. జర్మనీకి లొంగిపోయిన విషీ ప్రభుత్వం దగ్గర కార్బూజియర్ పనికోసం ప్రయత్నించగా, జానరే ఫ్రెంచ్ ప్రతిఘటన ఉద్యమం వైపు నిలిచారు.

వారిని మళ్లీ కలిపింది చండీగఢ్. దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు వెళ్లడంతో భారత పంజాబ్‌కు కొత్త రాజధాని అవసరమైంది. 1951లో కార్బూజియర్, జానరేలతో పాటు బ్రిటన్ నుంచి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు వచ్చారు. 1954 నాటికి ఆ దంపతులు వెళ్లిపోయారు. జానరే మాత్రం ఉండిపోయారు. తర్వాత చీఫ్ ఆర్కిటెక్ట్ అయ్యారు.

అసెంబ్లీ, హైకోర్టు వంటి భారీ కట్టడాలు కార్బూజియర్‌వి. ప్యూన్ నుంచి మంత్రి వరకు హోదాను బట్టి కట్టాల్సిన ప్రభుత్వ ఇళ్లలో ఎక్కువ భారం జానరే బృందానిది. సిమెంటు, ఉక్కు ఖరీదు కాబట్టి స్థానిక ఇటుకనే నమ్ముకున్నారు. ఎండ నేరుగా పడకుండా, గాలి ఆడేలా గోడల్లో జాలీలు పెట్టారు. 57వ నంబర్ ఇంట్లో ఆ పద్ధతి కళ్లకు కడుతుంది. అది కూడా ప్రభుత్వ క్వార్టరే. ఇటుక, రాయి, ముందు జాలీ తప్ప ఆర్భాటం లేదు.

లోపల ఆయన ఫొటోలు, డ్రాయింగులతో పాటు ఫర్నిచర్ ఉంది. టేకు చెక్క, అల్లిన కేన్, తిరగేసిన 'వి' ఆకారపు కాళ్లు. ఆఫీసుల కోసం యూలీ చౌధురి వంటి భారతీయ సహచరులతో కలిసి చేసిన డిజైన్లివి. స్థానిక వడ్రంగులు వేల సంఖ్యలో తయారుచేశారు. పాతబడ్డాక ప్రభుత్వ శాఖలు వాటిని తుక్కు కింద వేలం వేశాయి. విదేశీ డీలర్లు కొనుక్కెళ్లి, బాగుచేసి, లక్షల రూపాయలకు అమ్మారు. కుర్చీ మీద శాఖ పేరు, నంబరు కనిపిస్తే అది అసలుదనడానికి ఆధారమైంది. 2011లో కేంద్ర హోంశాఖ ఈ అమ్మకాలను నిషేధించింది. అప్పటికే చాలా సరుకు దేశం దాటిపోయింది.

క్లర్కు కూర్చోవడానికి చేసిన కుర్చీ సంపన్నుల డ్రాయింగ్ రూముకు చేరింది. ఎవరికోసం, ఎంత తక్కువ ఖర్చుతో అలాంటివి చేశారో వేలం కేటలాగు చూస్తే తెలియదు. ఈ ఇంట్లో తెలుస్తుంది.

ఆరోగ్యం దెబ్బతిని జానరే 1965లో చండీగఢ్ విడిచారు. అదే ఏడాది కార్బూజియర్ మరణించారు. 1967 డిసెంబరులో జెనీవాలో జానరే కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు 1970లో చితాభస్మాన్ని బంధువు చండీగఢ్ తీసుకొచ్చి, ఆయన పడవ నడిపిన సుఖ్నా సరస్సులో కలిపారు.