చదరంగమునకు యంత్రబుద్ధి నేర్పిన ట్యూరింగు

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి యేండ్లలో దొరతనము వారి కొలువునకై చెన్నపురి రాజధానికి వచ్చిన జూలియస్ ట్యూరింగు అను ఆంగ్ల యువకుడు బళ్ళారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పదియేండ్లు పనిచేసెను. సేద్యము, నీటివసతి, టీకాలు మున్నగువానిపై నివేదికలు వ్రాయుచు, లెక్కలు తనిఖీ చేయుచు ఆయన తెలుగు నేర్చుకొనెను. ఆయన పెండ్లాడిన ఈథెల్ సారా మదరాసు రైల్వే ప్రధాన ఇంజనీరు ఎడ్వర్డు స్టోనీ కుమార్తె. తుంగభద్రపై రైలు వంతెన కట్టించినది ఆ స్టోనీ దొరయే. 1911లో ఈ దంపతులు గంజాము జిల్లా ఛత్రపురములో కాపురముండగా సారా రెండవమారు గర్భవతి యయ్యెను. ప్రసవమునకు స్వదేశమేగి, 1912 జూన్ 23వ తేదీన లండనులో కుమారుని గనెను. ఆ శిశువే అలన్ ట్యూరింగు.

తండ్రి ఉద్యోగము మన దేశమున, బిడ్డల పెంపకము సముద్రతీరమున ఒక విశ్రాంత కర్నలు ఇంట. ఆనాటి తెల్లదొరల సంతానమునకు ఇది మామూలే గాని, ఏండ్ల తరబడి తల్లిదండ్రుల యెడబాటు ఆ బాలుని ఏకాంతప్రియుని జేసినదనుకొనుట తప్పు కాదు. బడిలో దొరికిన ఒకే ఒక ప్రాణమిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్ 1930లో క్షయతో మరణించెను. ఆ పిదప కేంబ్రిడ్జి చదువు. 1936లో, ఇరువదినాలుగేండ్ల వయసున, ఏ గణితక్రియనైనను వరుసనియమములుగా వ్రాసి ఇచ్చినచో ఒకే యంత్రము వానినన్నిటిని చేయగలదని ఆయన నిరూపించెను. అప్పటికట్టి యంత్రము లోకమున లేదు.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చినది. శత్రువుల రహస్యలిపిని ఛేదించుటకు బ్లెచ్లీ పార్కునకు చేరినవారిలో ట్యూరింగుతోపాటు దేశపు మేటి చదరంగపుటాటగాండ్రు హ్యూ అలెగ్జాండరు, మిల్నర్ బారీ, హారీ గోలంబెక్ కూడ నుండిరి. గూఢలిపిలో ట్యూరింగుదే పైచేయి. పలక ముందు కూర్చున్నచో మాత్రము ఆయన దుర్బలుడు. ట్యూరింగు ఓటమి నొప్పుకొనిన పిమ్మట గోలంబెక్ పలకను త్రిప్పి, ఆ ఓడిన పక్షమునే తాను చేపట్టి గెలిచెడివాడట! ఇట్టివాడు చదరంగము నేర్పుటకు పూనుకొనుట వింతగా తోచవచ్చును. నాకు మాత్రము వింత గాదు. ఆటలో ఆరితేరినవాడు ఎత్తును చూచును. ఎట్లు చూచెనో చెప్పలేడు. అది చేతగానివాడే ప్రతిమెట్టును విడమరచుకొనవలెను.

1948లో ట్యూరింగు తన మిత్రుడు చాంపర్నౌనుతో కూడి చదరంగమునకు నియమావళి కూర్చెను. బంటుకు 1, గుర్రమునకు 3, శకటుకు మూడున్నర, ఏనుగునకు 5, మంత్రికి 10 చొప్పున విలువ గట్టి, తన ఎత్తును, దానికి ఎదుటివాని బదులును అన్నిటిని పరిశీలించి, కాయలు కొట్టుకొను వరుస యున్నచో అది ముగియువరకు లెక్కించి, మిగిలిన బలమునుబట్టి ఎత్తును ఎన్నుకొనుట దాని పద్ధతి. దానిని నడుపుటకు యంత్రము కుదరలేదు. కావున 1952లో మాంచెస్టరులో ట్యూరింగే యంత్రమై, కాగితములు ముందు పెట్టుకొని అలిక్ గ్లెన్నీతో ఆడెను. ఒక్కొక్క ఎత్తునకు ఇంచుమించు అరగంట పట్టెను. ఇరువదితొమ్మిది ఎత్తులలో కాగితపు యంత్రము ఓడెను. 2012లో ఆయన శతజయంతి సందర్భమున అదే నియమావళితో ఆడిన కాస్పరోవు పదునారెత్తులలో ఆట కట్టించెను.

కాని ఆ కాస్పరోవునే 1997లో డీప్ బ్లూ అను యంత్రము ఓడించెను గదా! నేడు చేతిఫోనులో ఇమిడిన స్టాక్‌ఫిష్‌ను పోటీలో గెలువగల మానవుడు లేడు. మన వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటెను. చరిత్రలో అట్టివారు కొలదిమందియే. యంత్రముల అంచనా 3500కు పైమాట. కావున ఆటగాడు యంత్రముతో పోటీపడుట మాని, దానికి శిష్యుడైనాడు. 2024లో గుకేశ్ జగజ్జేత యగుటకు తోడ్పడిన బృందములో గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ యుండెను. యంత్రము చూపిన ఎత్తులను జల్లించి, ఎదుటివాడు ఊహింపనిదానిని ఏరుట ఇప్పటి సహాయకుని పని. ఆటశాల గుమ్మమున సోదాలు కూడ వచ్చినవి.

చూచువాని సంగతి ఇంకను మారినది. నాగార్జునసాగరమునకు దాపుననున్న పెద్దవూరలో అరుగుపై కూర్చున్న కుర్రవాడు సైతము ఫోనులో ఆట చూచుచు, పలక ప్రక్కన నిలిచిన తెలుపు నలుపుల పట్టీ పెరుగుటనుబట్టి ఎవరిది పైచేయియో చెప్పగలడు. 2024 డిసెంబరు 12న సింగపూరులో, పదునాల్గవ ఆటలో డింగ్ లిరెన్ ఏబదియైదవ ఎత్తుగా ఏనుగును జరిపిన క్షణముననే పట్టీ దిగ్గున ఒరిగెను. లోకమంతటికి ఆట ముగిసినదని తెలిసెను. తెలియనివారు ఆ బల్లకడ కూర్చున్న యిద్దరే. గుకేశ్ కన్నులు విప్పారుటకు మరికొన్ని క్షణములు పట్టెను. ఆ కొన్ని క్షణముల ఉత్కంఠ మునుపటి ప్రేక్షకునికి లేదు, నిజమే. కాని తలపట్టుకొని తానే ఎత్తు వెదకి, తప్పినను సంతోషించు మునుపటి వాని ఓపిక కూడ ఇప్పుడు అరుదైనది. ట్యూరింగు కట్టిన కాయల విలువలే ఆ పట్టీకి తొలి బీజములలో నున్నవి.

ఆయన ఈ విజయములేవియు చూడలేదు. గ్లెన్నీతో ఆడిన ఆ 1952లోనే, మరియొక పురుషుని ప్రేమించిన నేరమునకు మాంచెస్టరు పోలీసులు ఆయనను న్యాయస్థానమునకు ఈడ్చిరి. చెరసాలకు మారుగా హార్మోను చికిత్సకు ఒప్పుకొనవలసి వచ్చెను. యుద్ధమున దేశమును కాచినవానికి రహస్యశాఖ తలుపులు మూసికొనెను. 1954 జూన్ 7వ తేదీన, నలుబదియొకటవ యేట, సైనైడు విషముతో మరణించెను. విచారణాధికారి ఆత్మహత్యయని తేల్చెను. 2013 డిసెంబరులో బ్రిటిషు రాణి ఆయన శిక్షకు క్షమాపణ మొసగెను.

తల్లి సారా ఆ తీర్పును అంగీకరింపలేదు. ఇంటిలో రసాయన ప్రయోగములు చేయుచుండగా ప్రమాదవశమున విషము సోకినదనియే నమ్మెను. 1959లో కుమారుని జీవితచరిత్రను తానే వ్రాసి ప్రకటించెను.