కవిరాజు రామస్వామి చౌదరిగారి న్యాయవిద్యయు నాయకత్వమును



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములనుండి న్యాయశాస్త్రము చదువుచున్న మన సంఘ విద్యార్థులు తమలో నొక సమితి నేర్పరచుకొన నుద్దేశించి, అధ్యక్షుడెవరు, కార్యదర్శి యెవరు, కోశాధిపతి యెవరు అను చర్చలో నున్నారని వినుచున్నాము. మంచిదే. అయితే పదవుల కెదురుగా పేరులు వ్రాసికొనుటకు ముందు, ఈ ప్రాంతముననే న్యాయవాదిగా నివసించి, పదవి చేపట్టి, దానివలన వచ్చిన నష్టమును దాచక భరించిన యొక పెద్దవారి చరిత్రము తెలిసికొనుట యుచితమని తలచి ఈ వార్షిక సంచికలో దానిని సంగ్రహముగా వ్రాయ బూనితిమి. వారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. వారి పద్యములు మనలో ననేకులకు కంఠస్థములు. వారి న్యాయవిద్యను గూర్చి మాత్రము చెప్పువారరుదు.

రామస్వామి చౌదరిగారు 1887వ సంవత్సరము జనవరి 15వ తేదీన కృష్ణాజిల్లా అంగలూరు గ్రామమున కర్షక కుటుంబమున జన్మించిరి. తండ్రి చలమయ్యగారు, తల్లి రామమ్మగారు. ఇరువదిమూడవ యేట గాని మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులు కాలేదు. సేద్యము చేసికొను కుటుంబములలో నానాడు ఇది వింత కాదు. పొలము పిలిచినపుడు పలక పక్కన పెట్టవలసినదే. ఆలస్యమైనను చదువు విడువకుండుట వారి విశేషము. ఆ యేటనే రెండు నాటకములు వ్రాసిరి: ఒకటి పలనాటి వీరుల కథ, రెండవది కురుక్షేత్ర సంగ్రామము. 1911లో బందరు నోబిలు కళాశాలలో ఇంటర్మీడియెటు తరగతిలో చేరి, అచ్చట అవధానములు చేసి పేరొందిరి.

ఆ దినములు ఆంధ్రదేశమున కొత్తగాలి వీచుచున్న దినములు. 1913వ సంవత్సరము మే నెలలో బాపట్లయందు బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాట అచ్చట బహిరంగముగ చర్చింపబడెను. ఆ సభను నడిపించినవారిలోను, దాని తరువాత పెరిగిన యుద్యమములలోను న్యాయవాదుల సంఖ్య మిక్కిలి పెద్దది. చట్టము చదివినవానికి ప్రభుత్వముతో మాటలాడు భాష తెలియును. అందుచేత జనులు తమ యర్జీలు, తమ యాశలు వాని చేతిలో పెట్టిరి. మరుసటి యేడు, అనగా 1914లో, రామస్వామి చౌదరిగారు న్యాయశాస్త్రము చదువుటకై సముద్రము దాటి ఐర్లండు రాజధాని డబ్లిను నగరమునకు వెళ్ళిరి.

లండను విడిచి డబ్లినేల యని మన విద్యార్థులడుగవచ్చును. 1909లో మదనలాల్ ధింగ్రా లండనులో కర్జన్ వైలీని కాల్చి చంపిన పిమ్మట అచ్చటి న్యాయవిద్యా సంస్థలు భారతీయుల ప్రవేశమునకు నిబంధనలు బిగించెను. డబ్లినులో ఆ యిబ్బంది తక్కువ. అందుచేత మన దేశపు యువకులు పలువు రచ్చటికి పోయిరి. గుంటూరు నుండి ఉన్నవ లక్ష్మీనారాయణగారును, బరంపురము నుండి వరాహగిరి వెంకటగిరిగారును ఆ కాలముననే యచ్చట న్యాయవిద్యార్థులు. ఒకరు తరువాత మాలపల్లి నవల వ్రాసిరి. మరియొకరు 1969లో భారత రాష్ట్రపతియైరి. ముగ్గురు తెలుగువారు, మూడు వేర్వేరు కులములవారు కాకున్నను వేర్వేరు దారులవారు, ఒకే నగరమున ఒకే శాస్త్రము చదివిరి.

ఆ నగరమున భారతీయ విద్యార్థులు తమలో తాము కూడి చేసిన పని నేటి మన విద్యార్థులు తెలిసికొనదగినది. వెంకటగిరిగారు వారిలో ముందు నడచినవారు. దక్షిణాఫ్రికాలో మనవారు పడుచున్న బాధలను గూర్చి యొక కరపత్రమును ప్రకటించిరి. దానివలన ప్రభుత్వపు కన్ను వారిపై పడెను. 1916 ఏప్రిలు నెలాఖరున డబ్లినులో ఐరిషువారు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగబడిరి. ఆరు దినములు నగరము నడివీధులలో యుద్ధము సాగెను. న్యాయస్థానముల భవనము సైతము తిరుగుబాటుదారుల వశమయ్యెను. తిరుగుబాటు నణచిన పిదప నాయకులను వరుసగా కాల్చి చంపిరి. వారిలో వెంకటగిరిగారికి పాఠము చెప్పిన థామస్ మెక్‌డోనా అను కవియు నొకరు. కొలది వారములలోనే వెంకటగిరిగారిని ఐర్లండు విడిచి పొమ్మని ప్రభుత్వ మాజ్ఞాపించెను. విద్యార్థి సమితిలో నాయకత్వమనగా నట్టిది. ఉత్సవము జరిగిన రాత్రి దండలు మెడలో పడుట యొక భాగము. పోలీసువారు కాగితము పట్టుకొని వచ్చినపుడు దాని క్రింద సంతకము నాదే యని చెప్పుట రెండవ భాగము. ఈ రెండవ భాగమును గూర్చి మన సమితుల నియమావళులలో వ్రాయుట మేమెన్నడును చూడలేదు.

రామస్వామి చౌదరిగారు 1917 వరకు విదేశమున నుండి న్యాయశాస్త్రముతో బాటు ఆంగ్ల సాహిత్యమును, ఐరోపా సంస్కృతిని శ్రద్ధతో పరిశీలించిరి. అనీబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమమును మనవారు బలపరుపవలెనని కోరుచు అచ్చటినుండియే బందరు కృష్ణాపత్రికకు వ్యాసములు పంపిరి. పరాయిదేశమున, ప్రభుత్వము విద్యార్థులపై నిఘా వేసియున్న కాలమున, తన పేరుతో నట్టి వ్రాతలు వ్రాయుటకు సాహసము కావలెను.

స్వదేశమునకు వచ్చి తెనాలిలో న్యాయవాదవృత్తి ప్రారంభించిరి. గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలుదారి 1916లోనే తెరువబడియుండెను. కాలువల క్రింద మాగాణి పండి, ధాన్యపు వ్యాపారము పెరిగి, దానితో బాటు సరిహద్దు తగాదాలు, పంపకాల వ్యాజ్యెములు పెరుగుచుండెను. న్యాయవాదికి కొరతలేని పట్టణము. కాని వారు వృత్తిలో కొన్ని సంవత్సరములే నిలిచిరి. మనసు సంఘసంస్కారము పైకి, కవిత్వము పైకి పోయెను. కొందరు దీనిని చదువు వృథాపుచ్చుటగా నెంచిరి. మాకట్లు తోచదు. ప్లీడరు గౌను విడిచిరే గాని ప్లీడరు బుద్ధిని వారు విడువలేదు.

వారి గ్రంథములను చూడుడు. 1920లో ప్రకటించిన శంబూకవధ నాటకమున, తపస్సు చేసినందులకు చంపబడిన శూద్రుని పక్షమున వకాల్తా పుచ్చుకొన్నట్లు వాదించిరి. ప్రతివాది మాట వినక తీర్పు చెప్పరాదనుట న్యాయవిద్యలో మొదటి పాఠములలో నొకటి. ఆ పాఠమును వారు పురాణకథకు వర్తింపజేసిరి. మునులచే చంపబడిన వేనరాజు కథను తీసికొని వ్రాసిన నాటకమునకు ఖూనీ యని పేరు పెట్టిరి. మన పల్లెలలో అక్షరము రానివానికిని కచేరీలవలన తెలిసిన మాట అది. నాలుగాశ్వాసముల సూతపురాణములో పురాణములను సాక్షులవలె బోనెక్కించి ప్రశ్నించిరి. తెనాలిలోని తమ గృహమునకు సూతాశ్రమమని పేరిడిరి. శౌనకాది మునులకు పురాణములు చెప్పిన సూతుడు బ్రాహ్మణుడు కాడను సంగతి ఆ పేరులోనే యున్నది. వీరగంధమను వారి గేయము స్వాతంత్ర్యోద్యమ కాలమున ఊరూర పాడబడెను.

వీనిలో కొన్నిచోట్ల పరిహాసము హద్దు మీరినదని మా యభిప్రాయము. వాదము గెలిచినను వినువాని మనసు నొచ్చుచోట్లు సూతపురాణమున గలవు. నేటి విద్యార్థులు వారి తర్కమును గ్రహించి, ఆ పరుషత్వమును వారికే విడిచిపెట్టుట మేలు. ఆ కలహము ఒక శాస్త్రముతో, ఒక యధికారముతో. ఇరుగుపొరుగున నున్న మనుష్యులతో కాదు.

ఇక వారి పదవిని గూర్చి. తెనాలి పురపాలక సంఘము 1909లో ఏర్పడెను. 1920వ సంవత్సరపు మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చిన పిమ్మట పట్టణ పరిపాలనలో ఎన్నికైనవారికి ప్రాబల్యము కలిగెను. 1925లో రామస్వామి చౌదరిగారు ఛైర్మనుగా ఎన్నికైరి. ఛైర్మను పని యనగా వీధులు, దీపములు, మురుగుకాలువలు, పన్నుల వసూలు. ఇంతవరకు చేసి దిగిపోయినచో నెవరితోను తగవు లేదు. కాని ఊరిలో గంగానమ్మ కొలుపులనాడు జంతుబలి జరుగుచుండెను. దానిని వారు నిషేధించిరి.

ఈ పని యెంత కష్టమో కోస్తా పల్లెలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. కలరా వచ్చినను, మశూచి వచ్చినను జనులు మొదట తలచునది గ్రామదేవతను. బలి ఆగిన యేట ఏ యింట జ్వరము తగిలినను ఆ నింద ఎవరిపై పడునో ఛైర్మనుగారు ఎరుగనివారు కారు. పైగా బలి కోరువారు పై కులములవారు మాత్రమే కారు. తమకు వోటు వేసినవారు, తమవారు, తాము ఏ పేదల పక్షమున వాదించుచుండిరో ఆ పేదలును అందులో నుండిరి. పురాణములపై పద్యము వ్రాసినపుడు ఎదుటివారు పండితులు. ఇచ్చట ఎదుటివారు సొంత జనులు. వారు వెనుదీయలేదు. ఫలితముగా అవిశ్వాస తీర్మానము వచ్చెను, పదవి పోయెను. మరల ఎన్నికలలో నిలిచి, మరల గెలిచి, ఆ కుర్చీలోనే కూర్చుండిరి.

మాకు ఈ ఘట్టములో ముఖ్యముగా కనబడునది గెలుపు కాదు. తీర్మానము నెగ్గినదినమున వారు చట్టప్రకారము దిగిపోయిరి. తరువాత చట్టప్రకారమే తిరిగి వచ్చిరి. నడుమ తమ యుత్తరువును వెనుకకు తీసికొని పదవి నిలుపుకొను మార్గముండినను దాని జోలికి పోలేదు. వారు తెనాలిలో నొక్క పట్టణమునకు చేసినదానిని 1950లో మదరాసు శాసనసభ జంతు పక్షి బలుల నిషేధ చట్టముగా రాష్ట్రమంతటికి చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టమే తరువాతను వర్తించినది.

వివాహముల విషయమున వారు చేసిన కృషి మన సంఘమునకు మరింత సన్నిహితమైనది. వధూవరులకు తెలియని భాషలో మంత్రములు చదువుట యేమి ప్రయోజనమని తలచి, వివాహవిధి యను గ్రంథమును తెలుగున రచించి, తామే పెండ్లిపెద్దగా నుండి అనేక వివాహములు జరిపిరి. మనవారిలో తరువాతి తరములవారు పలువురు ఈ పద్ధతిని ఆదరముతో స్వీకరించిరి. అయితే ఇందులో నొక న్యాయశాస్త్ర సమస్య గలదు. న్యాయవిద్యార్థులు దీనిని శ్రద్ధతో వినవలెను. పురోహితుడు లేని వివాహము చెల్లునా? చెల్లనిచో ఆ భార్యకు మనోవర్తి యేది, ఆ బిడ్డలకు ఆస్తి యేది? తమిళదేశమున ఆత్మగౌరవ వివాహములని జరిగినవానిని గూర్చి 1953లో మదరాసు హైకోర్టు, శాస్త్రోక్తవిధి గాని స్థిరపడిన యాచారము గాని లేనందున అవి చెల్లవని తీర్పు చెప్పెను. ఏండ్ల తరబడి కాపురములు చేసినవారు ఒక్క తీర్పుతో దిగ్భ్రమ చెందిరి. 1967లో ఆ రాష్ట్రము హిందూ వివాహ చట్టమునకు సవరణ చేసి, వెనుక జరిగినవానికి సైతము రక్షణ కల్పించినది. ఆ సవరణ మదరాసు రాష్ట్రమునకే పరిమితము. 1955 చట్టము ప్రకారము మనకు ఇరుపక్షములలో నొకరి యాచారమును అనుసరించిన విధి యుండవలెను. సంస్కరణ చేయుట కవికి సులభము. ఆ సంస్కరణలో పెండ్లియాడిన ఆడపిల్ల రేపు న్యాయస్థానమున నిలువగలదా యని చూచుట న్యాయవాది పని. మన విద్యార్థుల సమితికి కార్యదర్శి కాబోవువారు ఏటేటా వార్షికోత్సవమునకు బదులు, ఇట్టి వివాహములు చేసికొన్నవారికి పత్రములు రిజిస్టరు చేయించుటలో సహాయపడినచో దానికే మేమెక్కువ సంతోషింతుము. ఖర్చునకు మా పోషకులు వెనుకాడరని తలచుచున్నాము.

రామస్వామి చౌదరిగారు 1943వ సంవత్సరము జనవరి 16వ తేదీన, ఏబదియారేండ్లు నిండిన మరునాడు, దివంగతులైరి. భారత ప్రభుత్వము శతజయంతి సంవత్సరమైన 1987లో వారి పేరున తపాలాబిళ్ళ వెలువరించినది. హైదరాబాదు ట్యాంకుబండుపై వారి విగ్రహము గలదు. తెనాలి నేడు గుంటూరు జిల్లాలోను, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోను నున్నవి. సరిహద్దులు మారినను ఆ మూడు ఊళ్ళ కచేరీలకు పోవు దారులు మారలేదు.

వారి కుమారుడు గోపీచందుగారును న్యాయశాస్త్రమే చదివి, కొంతకాలము వృత్తి చేసి, తండ్రివలెనే విడిచి సాహిత్యమునకు పోయిరి. అసమర్థుని జీవయాత్ర వ్రాసినవారు వారే. 1962లో వారు మరణించిన పిదప, పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా నవలకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. వీలునామా యను మాటను నవల పేరున పెట్టుట చూచి మేము నవ్వుకొందుము; తండ్రి ఖూనీ, కొడుకు వీలునామా. తెనాలిలో మాత్రము వృత్తి విడువక నిలిచినవారు ఆవుల గోపాలకృష్ణమూర్తిగారు. 1967లో మరణించువరకు వారు పగలు కోర్టులో వాదించుచు, ముహూర్తము లేని వేళల తెలుగు మాటలతో పెండ్లిండ్లు చేయించుచు నుండిరి.